గంపలవారి బొంత

సుగుణా, నువ్వు అడిగావని రాస్తున్న ఈ కథలో ముందుది వెనక్కి, వెనకది ముందుకి వచ్చి ఉండవచ్చు. కోడి సంగతి ముందా, ఎద్దు సంగతి ముందా అన్నది ఈ మధ్య నాకు తారుమారవుతోంది. బొంత మాత్రం ఆఖరుది. అందులో అనుమానం లేదు.

పుల్లయ్య తాత మఠంలో మద్దిలేటి అనే శిష్యుడు ఉండేవాడు. ఒకనాడు పొద్దున తాత పొయ్యి దగ్గర పప్పు కలుపుతూ ఉంటే వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"సామీ, నా అనేవాళ్ళను అందర్నీ విడిచిపెట్టి వచ్చినాను. అయినా కండ్లు మూస్తే వాళ్ళే కనపడతారు. ఈ బంధం తెగేది ఎట్లా?"

తాత గరిటె అతని చేతిలో పెట్టాడు.

"అడుగంటుతోంది. కలుపుతా ఉండు," అని చెప్పి స్నానానికి వెళ్ళిపోయాడు.

మద్దిలేటి కలుపుతూనే ఉన్నాడు. ఆ కలపడంలో ఏదో గూఢార్థం ఉందనుకొని సాయంత్రం దాకా ఆలోచించాడు. అర్థం దొరకలేదు. పప్పు మాత్రం బాగా కుదిరింది.

అతను విడిచిపెట్టి వచ్చినవాళ్ళు సామాన్యులు కారు. కొండకు అవతలి ఊళ్ళో గంపలవారని ఒక ఇల్లు ఉండేది. ఆ చుట్టుపక్కల ఎవరు తెలివితక్కువ పని చేసినా, "గంపలోళ్ళ బుద్ధి పుట్టిందే నీకు," అనేవారు.

వాళ్ళ కోడిపుంజు ఒట్టి బద్ధకంది. పొద్దెక్కేదాకా కూసేది కాదు. అది కూయనిదే ఆ ఇంట్లో ఎవరూ లేచేవారు కాదు. పనులు వెనకబడుతున్నాయని మద్దిలేటి తండ్రి ఓబులేసు బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. రోజుకొకరు వంతు వేసుకొని తెల్లవారకముందే లేచి కోడిని తట్టి లేపాలి. అది కూస్తుంది. అప్పుడు అందరూ లేవవచ్చు. వంతు ఉన్నవాళ్ళు కోడిని లేపి, మళ్ళీ వచ్చి పడుకొని, అది కూయగానే అందరితో పాటు లేచేవారు.

తరువాత సంతలో ఎద్దును కొన్నారు. మంచి ఎద్దే. కుడికి మాత్రం తిరగదు. వాళ్ళ చేను కుడిపక్కనే ఉంది. అందుకని ఓబులేసు బండిని ఎడమకు తిప్పి, మళ్ళీ ఎడమకు తిప్పి, ఊరంతా చుట్టుకొని చేను చేరేవాడు. దారిలో కనపడినవాళ్ళందరినీ పలకరించేవాడు. "ఎద్దు పుణ్యమా అని ఊరి మంచిచెడ్డలు తెలుస్తా ఉండాయి," అని సంతోషపడేవాడు.

ఆ బండిలో కూర్చొని ఊరు చుట్టడం మద్దిలేటికి చావుతో సమానంగా ఉండేది. చివరికి అతన్ని చూసుకోవడానికి వచ్చిన సంబంధం వాళ్ళు ఇంటిపేరు వినగానే, ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా లేచిపోయారు. మర్నాడు అతను ఊరు విడిచాడు.

మఠంలో అతనికి మంచి పేరు వచ్చింది. తత్త్వాలు చదివేవాడు, అర్థం విడమరిచి చెప్పేవాడు. "ఏ ఊరు నాయనా, ఎవరి పిల్లోనివి?" అని ఎవరైనా అడిగితే, "గురువు తప్ప నాకు ఎవరూ లేరు," అనేవాడు. ఎంత వైరాగ్యం అని జనం మెచ్చుకునేవారు. తాత విని పొయ్యిలో పుల్ల ఎగదోసేవాడు.

కార్తీక పున్నమికి మఠంలో కూటం జరిగేది. ఆ ఏడు పీట మీద కూర్చొని నాలుగు మంచిమాటలు చెప్పే పని తాత మద్దిలేటికి అప్పగించాడు. మద్దిలేటి ఎన్నో నాళ్ళుగా కోరుకున్నది అదే. ఒక్కసారి ఆ పీట ఎక్కితే ఇక తనను గంపలవాడని ఏ నోరూ అనదు.

ఆ సాయంత్రం జనం వచ్చి కూర్చున్నారు. చలిగాలి మొదలైంది. మద్దిలేటి స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకొని పీట దగ్గరికి నడుస్తున్నాడు. అంతలో వాకిలి దగ్గర నవ్వులు వినిపించాయి.

ఒక పెద్ద బొంత నడిచి వస్తోంది.

దాని ముందు పక్క ఓబులేసు. ఎడమ పక్క అతని భార్య లచ్చుమమ్మ. కుడి పక్క అతని తల్లి తిమ్మక్క. వాళ్ళు బొంతను మోసుకొని రావడం లేదు, బొంతకు అంటుకొని వస్తున్నారు. ఓబులేసు పంచె, లచ్చుమమ్మ కొంగు, తిమ్మక్క చీర కుచ్చెళ్ళు బొంత అంచులతో కలిపి గట్టిగా కుట్టి ఉన్నాయి. ఒకరు ఆగితే ముగ్గురూ ఆగుతున్నారు. ముసలమ్మ దగ్గితే ముగ్గురూ వంగుతున్నారు.

"ఎవరప్పా వీళ్ళు?" అని శేషాచలం అడిగాడు. అతను మఠంలో మరో శిష్యుడు. నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఎవరో," అన్నాడు మద్దిలేటి.

బొంత దగ్గరికి వచ్చింది. తిమ్మక్క మనవడి ముఖం చూసింది. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమెకు జాలేసింది.

"నువ్వు భయపడాకు మద్దిలేటీ," అంది. "నువ్వెవరో మాకు తెలీదులే."

లచ్చుమమ్మ బొంతను ఒక్క గుంజు గుంజింది. "పేరు పెట్టి పిలవగూడదని దారంతా చెప్పుకుంటా వస్తిమి గదత్తా."

"నేనేమంటి? తెలీదనే గదా అంటి."

కూటంలో నవ్వులు సన్నబడ్డాయి. పుల్లయ్య తాత లేచి మెల్లగా బొంత దగ్గరికి వచ్చాడు.

"ఎవరు నాయనా మీరు?"

"గంపలోళ్ళము సామీ," అన్నాడు ఓబులేసు. "బొంత తెచ్చినాము."

"దానికెందుకు అంటుకోని ఉండారు?"

"నా పక్క నేను బాగా కుట్టినాను సామీ. అయిపోయిందని లేవబోతే పంచె గూడా వచ్చింది. వీళ్ళకూ అంతే. ఒకరికి ఇయ్యాలని కుట్టింది, ఇయ్యకముందే దారం తెంపితే ఏం బాగుంటుంది? అట్లనే లేచి వచ్చేసినాము."

"ఇంత దూరం నడిచి వచ్చినారా? బండి లేదా?"

"ఉండాది సామీ. మఠం కుడిపక్క గదా."

తాత తల ఊపాడు. ఆ జవాబు సబబుగానే తోచినట్టుంది.

"ఎవరికి ఈ బొంత?"

లచ్చుమమ్మ తల వంచుకొని చెప్పింది. "ఈడ ఒక పిల్లోడు ఉండాడంట సామీ. వానికి ఎవరూ లేరంట. మా ఊరి ఆయప్ప ఒకడు ఈడికి వచ్చినప్పుడు విని, మాకు చెప్పినాడు. ఆ పొద్దు మాకు ముద్ద దిగలేదు. ఎవరూ లేనోడు ఈ చలికి ఏం కప్పుకుంటాడు?"

"ఆ పిల్లోడు మీకు తెలుసునా?"

లచ్చుమమ్మ కొండ వైపు చూసింది. తిమ్మక్క ఆకాశం వైపు చూసింది.

"తెలీదు సామీ," అన్నాడు ఓబులేసు. "చింతకాయ తొక్కంటే ప్రాణం. కుడిపక్కకు తిరిగి పడుకుంటాడు. అంతకు మించి మాకేమీ తెలీదు."

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. 

తాత బొంత చుట్టూ నడిచాడు. వెనక పక్కకు వచ్చి ఆగాడు. ఆ పక్క కుట్టు పడలేదు. పాత చీరల మడతలు విడివిడిగా వేలాడుతున్నాయి. దారి పొడవునా నేల మీద ఈడ్చుకొని రావడం వల్ల దుమ్ము పట్టి ఉన్నాయి.

"ఇది కుట్టలేదే?"

"ఆ పక్క కూర్చునేవాడు లేడు సామీ," అంది లచ్చుమమ్మ. అని, నోరు జారానేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయింది. కొంగుతో పాటు బొంతా వచ్చింది.

"నేను పోయి కత్తెర తెస్తా సామీ," అని శేషాచలం లోపలికి వెళ్ళాడు.

తాత ఆ నాలుగో పక్కన నేల మీద చతికిలబడ్డాడు. అంచును ఒళ్ళోకి లాక్కున్నాడు. మిగతా ముగ్గురూ కూర్చోక తప్పలేదు. బొంత మధ్యలో గుచ్చి ఉన్న సూదిని తీసి, దారం ఎక్కించబోయాడు. దారం ఒకవైపు, సూది ఒకవైపు పోతున్నాయి.

"మద్దిలేటీ, కంటికి ఆనడం లేదు. ఎక్కించు."

మద్దిలేటి వచ్చి సూది అందుకున్నాడు. అతని కళ్ళు మంచివే. అయినా దారం రెండుసార్లు పక్కకు పోయింది. ఎట్లాగో ఎక్కించి ఇచ్చాడు. తాత కుట్టడం మొదలుపెట్టాడు. వంకర కుట్లు, దూరం దూరంగా. అందులో తన కావి పంచె అంచు కూడా కలిసిపోయింది.

"సామీ, మీ పంచె," అంది తిమ్మక్క.

"చూసినా తల్లీ," అని తాత ఇంకో కుట్టు వేశాడు. "మీ ఇంటిపేరు ఏమంటిరి?"

"గంపలోళ్ళు సామీ."

"మంచిది. ఎవరి పిల్లోనివని ఎవరైనా నన్ను అడిగితే చెప్పల్ల గదా."

కూటంలోంచి ఒక పెద్దాయన లేచి గొంతు సవరించుకున్నాడు. "మద్దిలేటి సామీ, పొద్దు పోతోంది. మీరు పీట మీదికి రాండి. మొదలుపెడదాము."

మద్దిలేటి పీట వైపు చూశాడు. దాని మీద ఎవరో తెల్లని గుడ్డ పరిచి, పక్కనే చెంబుతో నీళ్ళు పెట్టారు. జనం దారి వదిలి కూర్చున్నారు. పీటకు, బొంతకు మధ్య అతను నిలబడి ఉన్నాడు.

తిమ్మక్క కోడలి వైపు వంగింది. ఆమె రహస్యం చెబితే అది ఊరంతా వినపడేది.

"లచ్చుమీ, ఇప్పుడు ఈ పిల్లోడు మనకు తెలుసునా, తెలీదా?"

లచ్చుమమ్మ బొంత మీది దుమ్ము దులిపింది. ఓబులేసు తన పక్క కుట్లను సరిచూసుకోవడం మొదలుపెట్టాడు.

మద్దిలేటి వచ్చి తాత పక్కన కూర్చున్నాడు.

"తెలుసులే అవ్వా," అన్నాడు. "కొంచెం జరుగు."

ఆమె జరిగింది. ఆమెతో పాటు అందరూ జరిగారు.

"కుట్టు ఇట్లా కాదు సామీ," అని అతను తాత చేతిలోని సూది తీసుకున్నాడు. "దగ్గర దగ్గరగా వెయ్యల్ల. మా అమ్మ అట్లనే నేర్పించింది."

జనంలో ఆ మాట అందరికీ వినిపించింది. పీట దగ్గరివాళ్ళు కాసేపు ఎదురుచూసి, ఒకరొకరే లేచి వచ్చి బొంత చుట్టూ కూర్చున్నారు. ఆ పున్నమికి మంచిమాటలు ఎవరూ చెప్పలేదు. ఓబులేసు మాత్రం కోడి సంగతి చెప్పాడు. కోడిని లేపే ఉపాయం గురించి కొందరు శ్రద్ధగా అడిగి తెలుసుకున్నారు.

చీకటి పడుతుండగా శేషాచలం తిరిగి వచ్చాడు. మఠమంతా వెతికి ఆఖరుకు వడ్లమూటల వెనక కత్తెర పట్టుకున్నాడట. అప్పటికి మద్దిలేటి పంచె కూడా కుట్టులో కలిసి ఉంది.

"తెచ్చినాను సామీ. యాడ కత్తిరించేది?"

తాత బొంతను మోకాళ్ళ మీదికి లాక్కున్నాడు.

"దాచిపెట్టు నాయనా. ఇప్పుడిప్పుడే వెచ్చబడుతోంది."

ముసలమ్మ పేరు తిమ్మక్కో తిప్పక్కో. సుగుణా, మీ మేనత్తను అడిగి ఈ పేర్లు ఒకసారి సరిచూడమ్మా.