నిమ్మకాయల పున్నయ్య గొంతు

తెనాలి నిమ్మకాయల మార్కెట్లో వేలం వేసే బసవపున్నయ్యకు కాయల బేరం తప్ప ఇంకే మాటా చివరిదాకా వినే ఓపిక ఉండేది కాదు.

"రండి బాబూ రండి! ఇంకెవరు? ఇంకెవరు?" అని అతను అరుస్తుంటే మార్కెట్ హోరెత్తిపోయేది. వ్యాపారులు పోటీపడి పాట పెంచేవారు.

ఒక వేసవిలో ఆ గొంతు బొంగురుపోయింది. వారాలు గడిచినా తగ్గలేదు. అక్క శేషారత్నం అతన్ని ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టర్ మెహరున్నీసా గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించింది.

"క్యాన్సరే. కానీ తొలి దశలోనే దొరికింది. దీనికి ఒక దారి ఆపరేషన్..." అని ఆమె మొదలుపెట్టింది.

పున్నయ్య అప్పటికే గుమ్మం దాటాడు. "గొంతు కోసేస్తారట! గొంతు లేకపోతే నాకు మార్కెట్లో పనేముంది?" అంటూ బస్సెక్కేశాడు. ఇక తేనె, అల్లం రసం, ఎవరు ఏది చెబితే అది తాగాడు. గొంతు ఇంకా పూడుకుపోయింది.

ఒకరోజు ఒక వ్యాపారి మొదటి పాట పాడి, "తొందరగా తేల్చు పున్నయ్యా, లారీ వెళ్లిపోతోంది" అన్నాడు.

"ఆఖరి పాట వినకుండా రైతు కాయ ఎలా వదులుతానయ్యా?" అని పున్నయ్య పీలగొంతుతోనే గదిమాడు.

క్యారేజీ తెచ్చిన శేషారత్నం అది విన్నది. "ఒరేయ్! నిమ్మకాయకున్న విలువ నీ గొంతుకు లేదా? డాక్టరమ్మ దగ్గర మొదటి పాటకే లేచొచ్చావేం?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. పున్నయ్య నవ్వలేదు. "పదక్కా" అన్నాడు.

డాక్టరు మళ్లీ పరీక్షలన్నీ చేయించింది.

"పెరిగింది గానీ తొలి దశ దాటలేదు!" అంది డాక్టరు. "ఇంకా ఆలస్యమై ఉంటే స్వరపేటిక మొత్తం తీయాల్సి వచ్చేదేమో. ఇప్పుడైతే లేజర్‌తో గడ్డ వరకే తీయొచ్చు. లేదా కొన్ని వారాలు రేడియేషన్ ఇవ్వొచ్చు. నయమయ్యే అవకాశం రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే."

"గొంతు మిగులుతుందా!" పున్నయ్య కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు. "ఏది చేస్తే మాట ఎలా ఉంటుంది? అన్నం మింగగలనా? మళ్లీ వస్తే?"

"ఊపిరి తీసుకోండి, చెబుతాను" అని ఆమె నవ్వింది. "లేజర్ తొందరగా అయిపోతుంది. కానీ మీ గడ్డ ఉన్న చోటును బట్టి చూస్తే దానితో మాట ఎక్కువ మారొచ్చు. రేడియేషన్‌లో మాట అంతగా మారకపోవచ్చు గానీ గొంతు మండుతుంది, కొన్నాళ్లు మింగడం కష్టం. జబ్బు మళ్లీ వస్తే వెంటనే తెలియాలి కాబట్టి, ఏది చేసినా తర్వాత తరచూ చూపించుకోవాలి."

పున్నయ్య అన్నీ విని రేడియేషన్ ఎంచుకున్నాడు. గంజి మింగడానికే కళ్లనీళ్లు వచ్చేవి. ముందే తెలిసిన కష్టం కాబట్టి మధ్యలో మానలేదు.

తర్వాతి కాపుకు జబ్బు నయమై అతను మార్కెట్లో నోరు తెరవగానే ఈలలు మోగాయి.

"గొంతు గరుకెక్కిందిరోయ్!" అన్నాడొకడు.

"వినపడుతోందిగా, పాట పెంచు!" అని అరిచాడు పున్నయ్య.

నీతి: జబ్బు పేరు విని పారిపోకూడదు, డాక్టరు మాట చివరిదాకా విని, అనుమానాలన్నీ అడిగి, ఉన్న దారులన్నీ తెలుసుకుని, ఆలస్యం చేయకుండా చికిత్స మొదలుపెట్టాలి.