చిటికెడు విభూది

ఒకానొకప్పుడు మల్లగిరి రాజ్యాన్ని ఉద్దండభూపతి అనే రాజు పాలించేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ లోకంలో ఉన్న తెలివంతా తన కిరీటం కిందే ఉందని ఆయన గట్టి నమ్మకం. ఒక మాట అన్నాడంటే ఇక దాన్ని ఎవరూ కదపడానికి వీల్లేదు, చివరికి ఆయనైనా సరే.

ఆ ఊళ్ళో ఒక భూతవైద్యుడు జ్వరంతో ఉన్న కుమ్మరి చేత మందు మాన్పించి, వేపమండలతో బాది, నిలువునా ప్రాణం తీశాడు. రాజుకు పట్టరాని కోపం వచ్చింది. వాణ్ణి చెరసాలలో వేయించాడు. అంతవరకూ ఎవరూ తప్పుపట్టలేదు. కానీ ఉద్దండభూపతి అంతటితో ఆగే మనిషా?

"ఇకమీదట నా వైద్యశాలలో విభూది, తాయెత్తు, తీర్థం, మొక్కు ఏవీ కనబడకూడదు. మందు ఒక్కటే!" అని చాటింపు వేయించాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆస్థానంలో చమత్కారిగా పేరున్న కొమ్మనకు కష్టం వచ్చింది. అతని అక్క ఈరమ్మ విషజ్వరంతో మంచం పట్టింది. తల్లి పోయిన నాటి నుంచి అతన్ని పెంచింది ఆమే. కొమ్మన ఆమెను వైద్యశాలలో చేర్పించాడు. ఆస్థాన వైద్యుడు విరూపాక్షయ్య కషాయం కాచి ఇచ్చాడు. ఈరమ్మ గిన్నె అందుకునే ముందు, కొంగున ముడి వేసి తెచ్చుకున్న వీరభద్రుడి విభూది నుదుట పెట్టుకోబోయింది. కాపలా భటుడు ఆ పొట్లం లాగేసుకున్నాడు. ఆమె పెదవులు బిగించేసింది.

"అక్కా, నా మాట విను. మందు తాగు," అని కొమ్మన బతిమాలాడు.

"పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ ఆ సామిని తలుచుకోకుండా గంజైనా తాగలేదురా. ఆయన్ని గుమ్మం బయట నిలబెట్టి నన్ను మందు తాగమంటే ఎట్లారా తమ్ముడూ?" అంది ఈరమ్మ. ఆ తర్వాత ఎవరెంత చెప్పినా నోరు తెరవలేదు.

మందు గిన్నెలోనే ఉంది, జ్వరం ఒంట్లోనే ఉంది. విరూపాక్షయ్య కొమ్మనను పక్కకు పిలిచి, "రేపటికల్లా మందు లోపలికి వెళ్ళకపోతే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు నాయనా," అన్నాడు.

కొమ్మన పళ్ళు బిగించాడు. ఏం చేసైనా సరే అక్కను దక్కించుకోవాలనుకుని నేరుగా కొలువుకు వెళ్ళాడు.

"ప్రభూ, విభూది జ్వరం తగ్గిస్తుందని నేననను. కానీ మా అక్క నోరు తెరిపిస్తుంది. నోరు తెరిస్తే మందు పడుతుంది. చిటికెడు విభూదికి అనుమతి ఇప్పించండి."

రాజు మీసం దువ్వుకున్నాడు. "మందుకూ నమ్మకానికీ సంబంధం ఏమిటయ్యా? నా కడుపులో మంటకు విరూపాక్షయ్య రోజూ మీ అందరి ఎదుటే మందు ఇస్తున్నాడు. నమ్మకం లేదు, గిమ్మకం లేదు. తాగుతాను, తగ్గుతుంది. అంతే!"

"సంబంధం ఉందని చూపిస్తే?"

"రేపు కొలువు ముగిసేలోగా చూపించు, శాసనం మారుస్తాను. చూపించలేకపోయావా, మీ అక్కను ఇంటికి తీసుకుపో. మందు తాగని వాళ్ళకు నా వైద్యశాలలో మంచం దండగ."

కొమ్మన మళ్ళీ వైద్యుడి దగ్గరికి పరుగెత్తాడు. "అయ్యా, రేపు పొద్దున మీరు మా అక్క దగ్గరే ఉండండి. ప్రభువు మందు మాత్రం ఎప్పటిలాగే మీరే కాచి, సంజీవయ్య గారి చేత పంపండి."

విరూపాక్షయ్య గతుక్కుమన్నాడు. "సంజీవయ్య చేతా! నా తల నిలుస్తుందా?"

"మందు మీది, గిన్నె మీది. తలకేం భయం?" అన్నాడు కొమ్మన.

ఈ సంజీవయ్య వైద్యశాస్త్రం క్షుణ్ణంగా చదివినవాడే. తూకంలో ఆవగింజంత తేడా రానివ్వడు. పాపం, ఏం లాభం? ఆయన చెయ్యి పట్టి చూసిన రోగులు కొందరు వరసగా పోయేసరికి, హస్తవాసి మంచిది కాదని పేరు పడిపోయింది. వీధిలో ఆయన ఎదురైతే దగ్గుతున్నవాడు కూడా దగ్గు ఆపుకునేవాడు.

మర్నాడు నిండుకొలువులోకి వెండి గిన్నె పట్టుకుని సంజీవయ్య నడిచి వచ్చాడు. రాజు ముఖం పాలిపోయింది.

"నువ్వు తెచ్చావేం? విరూపాక్షయ్య ఏడీ?"

"రోగి దగ్గర ఉన్నారు ప్రభూ. మందు ఆయనే కాచారు. నేను మోసుకొచ్చానంతే."

"అక్కడ పెట్టు. ఆయన వచ్చాకే తాగుతాను."

కొమ్మన లేచి నిలబడ్డాడు. "అదే మందు కదా ప్రభూ?"

"అదే మందైతే మాత్రం? చూస్తూ చూస్తూ ఈయన చేతి మందా! విరూపాక్షయ్య హస్తవాసి వేరు..." అని రాజు నాలుక కరుచుకున్నాడు.

"హస్తవాసా?" అన్నాడు కొమ్మన వినయంగా. "అది ఏ కొండ మీద దొరుకుతుంది ప్రభూ? శొంఠిలా దంచుతారా, మిరియాల్లా నూరుతారా?"

కొలువులో వాళ్ళు నవ్వు ఆపుకోలేక ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజు ముఖం జేవురించింది. "చాలించు! నాకు అటువంటి పిచ్చి నమ్మకాలు లేవు. ఇదిగో, తాగుతున్నాను చూడు!" అని గిన్నె అందుకుని పెదవుల దాకా ఎత్తాడు.

"హాఛ్!" అని కొమ్మన తుమ్మాడు.

అది నిజం తుమ్మో, నశ్యం తుమ్మో ఆ వీరభద్రుడికే ఎరుక. రాజు చెయ్యి దానంతటదే కిందికి దిగింది. గిన్నె పక్కన పెట్టి, కాసేపాగి తాగుదామన్నట్టు వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక గానీ తానేం చేశాడో ఆయనకు తెలిసిరాలేదు.

కొమ్మన ముఖంలో ఇప్పుడు వేళాకోళం లేదు. "ప్రభూ, మీకున్నది కడుపులో మంట. అయినా మనసు ఒప్పుకోనిదే ఒక్క గుక్క దిగలేదు. మా అక్క చావుకు దగ్గరలో ఉంది. ఆమె మనసు చిటికెడు విభూది అడుగుతోంది. మందు మాన్పించినవాణ్ణి శిక్షించారు, ధర్మం చేశారు. మందు తాగుతానంటున్న మనిషిని ఎందుకు శిక్షిస్తున్నారు?"

రాజు గిన్నెను చూశాడు, సంజీవయ్యను చూశాడు, కొమ్మనను చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత సింహాసనమే అదిరేలా నవ్వాడు.

"ఓడిపోయానయ్యా! మందు మాన్పించే మంత్రగాడికి చెరసాల తప్పదు. మందుతో పాటు దేవుణ్ణి తలుచుకునే రోగికి మాత్రం ఇకనుంచి ఎవరూ అడ్డు చెప్పకూడదు!" అని, సంజీవయ్య తెచ్చిన మందు ఒక్క గుక్కలో తాగేసి, తానే వైద్యశాలకు బయలుదేరాడు.

భటుడు పొట్లం తిరిగి ఇచ్చాడు. ఈరమ్మ విభూది పెట్టుకుని, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది. కషాయం గటగటా తాగేసి ముఖం వికారంగా పెట్టింది.

"ఇప్పుడు ధైర్యం వచ్చిందా అమ్మా?" అని రాజు అడిగాడు.

"ధైర్యం సంగతి తర్వాత మహారాజా. ఇంత చేదు తాగేటప్పుడు పక్కన సామి కూడా లేకపోతే ఎట్లా చెప్పండి?" అంది ఈరమ్మ.

రాజు పకపకా నవ్వి, తన మెడలోని ముత్యాలహారం తీసి కొమ్మన మెడలో వేశాడు. విరూపాక్షయ్య ఆమె నాడి చూసి, "మందు పడింది కదా, ఇక భయం లేదు," అన్నాడు.

కొమ్మన హారం వంక చూడనేలేదు. అక్క చేతిలోని ఖాళీ గిన్నెను చూస్తూ, రాజుగారి ముందున్నానన్న సంగతే మరిచిపోయి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.