సింగులమ్మ తట్టెడు మట్టి

వెనకటికి రేగడిపల్లెలో నీళ్ళకి కటకటొస్తే, కొండల అవతల నుంచి బావులు తవ్వే జనాన్ని పిలిపించారు. వాళ్ళు నాలుగు నెలలు తవ్వి, చుట్టూ రాళ్ళు పేర్చి, మెట్లు కట్టారు. తియ్యటి నీళ్ళు పడ్డాయి.

మర్నాడే ఊరిపెద్ద వీరబసప్ప బావికి కాపలా పెట్టాడు. "పరాయి జనం, ఏ రోగాలు మోసుకొచ్చారో ఏమో. వాళ్ళ కుండ ఇందులో మునగడానికి వీల్లేదు" అన్నాడు.

మండుటెండలు. డేరాల్లో పిల్లలు దాహానికి ఏడుస్తున్నారు. ఆ జనానికి పెద్దదిక్కు సింగులమ్మ. ఓ చేత్తో ఖాళీ కుండ, ఇంకో చేత్తో తట్ట పట్టుకుని, ఇరవైమందిని వెంటేసుకుని బావి దగ్గరికొచ్చింది.

"ఏంటే, దెబ్బలాటకొచ్చావా?" అన్నాడు బసప్ప.

"అయ్యో, లేదు దొరా. మా చెయ్యి తగిలితే రోగమన్నారంట కదా. మా చెయ్యి తగిలినవన్నీ తీసుకుపోదామని వచ్చాం. ఈ రాళ్ళు మేం పేర్చినవే."

"పట్టుకుపో. మా ఊళ్ళో రాళ్ళకి కరువా? బావి మాకుంటుంది."

"గుంత కూడా మేం చేసిందే దొరా. ఎత్తుకుపోలేం కాబట్టి, తీసిన మట్టి తీసినట్టు అందులో పోసి పోతాం. మిగిలిందంతా మీదే."

ఒడ్డు మీద కుప్పలోంచి తట్టెడు మట్టి ఎత్తింది. బిందెలతో నిలబడ్డ ఊరి ఆడవాళ్ళంతా బసప్ప వైపు తిరిగారు. ఆయన పెళ్ళాం గబగబా వచ్చి తట్ట పట్టుకుంది.

"అది దించు సింగులక్కా. ముందు నీ కుండ ముంచుకో. రోగం భయమున్నోళ్ళు తాగడం మానేస్తారు."

బసప్ప మధ్యాహ్నం దాకా మానేశాడు. ఆ తర్వాత చెంబు పట్టుకుని వచ్చి సింగులమ్మ వెనక నిలబడ్డాడు.