పుంజు మింగిన సాక్షులు

ఊరి చివర పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటి ఉండేది. షెడ్డు మూతపడింది, మనుషులు వెళ్ళిపోయారు, మట్టి మాత్రం మిగిలింది. ఆ పక్క దొడ్లోనే డేగపుంజు, నల్లపెట్ట, వాటి పిల్లలు, ఒక ముసలి ఎద్దు కాపురముండేవి. దొడ్డినేల తొక్కి తొక్కి బండబారిపోయింది. షెడ్డు మట్టేమో పిండిలా మెత్తగా ఉంది. కోళ్ళకు అంతకన్నా ఏం కావాలి?

"పిల్లల్ని అక్కడికి తోలనా?" అంది పెట్ట.

"భేషుగ్గా తోలు. ఆ మట్టి నీళ్ళలో కలిపి, తేరిన నీళ్ళు తాగి చూశాను. నాకేమన్నా అయిందా?" అంది పుంజు రొమ్ము విరుచుకుని.

ఎద్దు నెమరు ఆపింది. "ఒరే అబ్బాయ్, రాగిచెంబు చిలుము ఉత్త నీళ్ళకి వదులుద్దా? చింతపండు పడాలి. నీళ్ళలోకి దిగని సీసం విషం కడుపులో పులుపుకి దిగుద్ది. మట్టిలో ఎంతుందని కాదు, పొట్టకెంత ఎక్కుద్దని చూడాలి. అది మట్టి తిని బతికే వానపాములే చెప్పాలి. ఆ మట్టి కుండలో తడిపి వాటిని వదలండి. బాగుంటే లోపలికి దిగుతాయి. లేదా బయటికొచ్చేస్తాయి."

"కాపలా నేనుంటా తాతా!" అంది పుంజు.

వానపాములకు కోడిని కాపలా పెట్టడమేమిటని ఒక్కరికీ తట్టలేదు. పుంజు దొడ్డికి పెద్ద కదా, పెద్దల్ని అనుమానిస్తే మర్యాదగా ఉండదు.

మిట్టమధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ఒక వానపాము కుండ అంచు మీదికి పాకి వచ్చింది.

"ఎక్కడికి?" అంది పుంజు.

"ఈ మట్టిలో ఉండలేం బాబూ, ఒళ్ళు మండిపోతోంది."

పుంజుకు సంగతి అర్థమైంది. కానీ ముక్కు ఊరుకోదే! ఒక్కటే కదా అని టక్కున మింగింది. రెండోది వచ్చింది. దాన్నీ మింగింది. చివరికి చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు.

సాయంత్రం పెట్ట కుండలోకి తొంగి చూసింది. "ఒక్కటీ కనబడదేం?"

"అడుక్కి దిగిపోయాయి. ఈపాటికి గృహప్రవేశం కూడా అయిపోయుంటుంది."

"ఓసారి తవ్వి చూద్దామా?"

"అంటే నా మాట మీద నమ్మకం లేదన్నమాట!"

పెట్ట మళ్ళీ కుండ జోలికి పోలేదు. మర్నాడే పిల్లల్ని షెడ్డులోకి తోలింది.

వానలు మొదలయ్యేసరికి పిల్లలకు మెడలు వాలిపోయాయి. ఒకటి చచ్చిపోయింది. చిన్నదైన ఎర్రపిల్లకు కాళ్ళు పడిపోయాయి. "దిష్టి తగిలింది" అంది పుంజు. ఎవరూ అడక్కుండానే "నేను సరిగ్గానే కాపలా కాశాను" అని కూడా అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే అదే.

పెట్ట ఈసారి ఎవర్నీ సలహా అడగలేదు. వెడల్పాటి మూకుట్లో ఒక సగం దొడ్డిమట్టి, ఇంకో సగం షెడ్డు మట్టి పోసి, నడిమధ్యన వానపాముల్ని వదిలింది. ఎద్దు పక్కనే నిలబడింది. పుంజు కూడా చూడ్డానికి వచ్చింది. చూస్తుండగానే వానపాములు దొడ్డిమట్టిలోకి దూరిపోయాయి. దారి తప్పి షెడ్డు మట్టిలో పడ్డది మాత్రం గిలగిల్లాడుతూ అంచు దాటి వచ్చి పుంజు కాళ్ళ దగ్గర పడింది.

పుంజు ముక్కు తనంతట తనే కిందికి వంగింది. సగంలో ఆగింది. అప్పటికే అందరూ చూశారు.

"ఆ రోజూ ఇలాగే వచ్చాయా?" అంది పెట్ట.

"వచ్చాయి."

"ఎన్ని?"

"అన్నీ. ఉండలేమని నాతో చెప్పాయి కూడా. విన్నాను. విని మింగాను."

పుంజుకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పెట్ట ముఖం చూడలేకపోయింది.

"కంచే చేను మేసింది," అంది ఎద్దు తల దించుకుని. "కోడిని కాపలా పెట్టొద్దని నేనైనా అనలేదు. నాకూ సిగ్గుగానే ఉంది."

ఇవేవీ తెలియని ఎర్రపిల్ల దేక్కుంటూ వచ్చి, ఎప్పటిలాగే తండ్రి రెక్క కిందికి దూరింది. "నాన్నా, రేపు నన్ను మోసుకెళ్ళి ఆ మెత్తటి మట్టిలో వదులుతావా? చాలా మంచి మట్టని చెప్పావుగా!"

పుంజు మర్నాడు గోడెక్కలేదు, కూయలేదు. అయినా తెల్లారింది.

అందుకే, సాక్షిని మింగినవాడి తీర్పును నమ్మి పిల్లల్ని పంపకూడదు.