అలుగు గొంతు వినని గుహ

ఇలా రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. వరాలూ, ఆ చాప ఇంకాస్త ఇటు లాగమ్మా. ఇది గట్టిగా చెప్పే కథ కాదు. గట్టిగా చెబితే అది కూడా వింటుంది. ఏది వింటుందంటారా? చెబుతాను, తొందరపడకండి.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కొండవారన ఒక గుహ. నడి వేసవిలో కూడా దాని నోట్లోంచి చల్లగాలి వచ్చేది. తరతరాలుగా జబ్బుపడ్డ జంతువులు ఆ గుహ ముందు పడుకుని మూలిగేవి. ఏ ఆకుతో ఏ నొప్పి తగ్గిందో వైద్యులు అక్కడే కూర్చుని చెప్పుకునేవారు. గుహ అన్నీ విన్నది. ఒక్కటీ మరవలేదు. వినీ వినీ ఒకనాడు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది.

దానికి సొంత గొంతు లేదు. కుందేలు జబ్బు అడిగితే, ఎప్పుడో చచ్చిపోయిన కుందేలు గొంతుతో చెప్పేది. నక్క జబ్బు అడిగితే, చచ్చిపోయిన నక్క గొంతుతో.

ఆ అడవిలో ఎలుగు తాత వైద్యం నేర్పేవాడు. ఆయనకు ఇద్దరు శిష్యులు. ఒకటి ముంగిస, ఒకటి పునుగుపిల్లి.

"గుహను అడగండి, తప్పులేదు," అనేవాడు తాత. "కానీ ముందు రోగి ఒళ్ళు తాకి చూడండి. వాళ్ళ మాట వినండి. ఆ తర్వాతే గుహ."

పునుగుపిల్లికి ఆ గుహంటే హడల్. "చచ్చినవాళ్ళతో నాకేం పనమ్మా! నేనా దరికే రాను," అనేది.

"పిరికిదానా!" అని నవ్వేది ముంగిస.

మొదట ఒక కుందేలు దగ్గుతో వచ్చింది. ముంగిస గుహను అడిగింది. గుహ అడ్డసరం ఆకు చెప్పింది. దగ్గు తగ్గింది.

తర్వాత ఒక జింకపిల్ల విషపు కాయలు తిని పడిపోయింది. పునుగుపిల్లి చుట్టూ తిరిగి చూసింది, ఏం చెయ్యాలో తోచలేదు. ముంగిస గుహకు పరుగెత్తింది. ఎలా కక్కించాలో చచ్చిన జింక గొంతు చెప్పింది. పిల్ల బతికింది.

అడవంతా ముంగిసను మెచ్చుకుంది. అప్పటినుంచి అది రోగులను తాకడం మానేసింది. "దండగ పని. చేతులు కంపు కూడానూ," అనేది.

ఒకరోజు ఎలుగు తాత వేర్లు తవ్వుకురావడానికి కొండ అవతలికి వెళ్ళాడు. పొద్దుటి వాన వెలిసింది. చెట్ల మధ్య పొగమంచు కదలకుండా నిలబడింది. ఆ మంచులోంచి చప్పుడు లేకుండా ఒక తల్లి అలుగు వచ్చింది. గుండెకు హత్తుకున్న పిల్లను శిష్యులిద్దరి ముందు పెట్టింది.

అలుగుల సంగతి తెలుసుగా! ఒళ్ళంతా పొలుసులు. నొప్పేసినా, భయమేసినా అరవవు. ఉండ చుట్టుకుని ఊరుకుంటాయి. ఆ పిల్ల కూడా అలాగే ఉండ చుట్టుకుని ఉంది. పొలుసులు మాత్రం టకటకా వణుకుతున్నాయి.

ముంగిస తల్లిని పలకరించలేదు. నేరుగా గుహ దగ్గరికి పోయింది. "వణుకు. తిండి లేదు. ఏం చెయ్యాలి?"

గుహ పలికింది. "జ్వరం... మంట... చల్లటి బురదలో పెట్టు. మెడదాకా పెట్టు."

దూరంగా చెట్టు చాటున నిలబడ్డ పునుగుపిల్లి చెవులు రిక్కించింది. "అక్కా, అది ముళ్ళపంది గొంతు కదే! అలుగు గొంతు ఏదీ?"

"ఏ గొంతైతేనేం, మందు ముఖ్యం. జింకపిల్ల పడిపోయినప్పుడు నువ్వేం పొడిచావో మర్చిపోయావా?"

పునుగుపిల్లి వెళ్ళి బురద తవ్వింది.

పిల్లను బురదలో పెట్టారు. కాసేపటికి పొలుసుల చప్పుడు ఆగింది.

"చూశావా, వణుకు తగ్గింది!" అంది ముంగిస.

తల్లి మాత్రం ఊపిరి బిగబట్టి పిల్లనే చూస్తోంది. ముంగిసకు ఎందుకో అనుమానం తగిలింది. మళ్ళీ గుహకు వెళ్ళింది.

"వణుకు ఆగింది. తగ్గినట్టేనా?"

"తగ్గినట్టే."

ఈసారి అది ముళ్ళపంది గొంతు కాదు. ఎక్కడో విన్న గొంతు. ముంగిస నెమ్మదిగా అడిగింది. "అలుగుల జబ్బు నువ్వెప్పుడైనా విన్నావా?"

గుహలో గాలి ఆగిపోయింది. ఎక్కడో నీటిబొట్టు పడింది.

"విన్నాను. చాలా విన్నాను."

ముంగిస వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అది తన గొంతే! అదే తొందర, అదే గర్వం. చచ్చినవాళ్ళ నడుమ నుంచి, బతికున్న తన గొంతే తనకు జవాబు చెబుతోంది.

వెనక్కి ఒకటే పరుగు. పిల్లను బురదలోంచి లాగి, పొలుసుల కింద చెయ్యి పెట్టింది. మంచుగడ్డలా ఉంది.

"అమ్మా, పిల్లకేమైంది?"

తల్లి గొంతు పీలగా వచ్చింది. "నిన్న వాగులో పడింది తల్లీ. పొలుసుల కింద నీళ్ళు ఆరలేదు."

"అయ్యో, ముందే చెప్పొచ్చుగా!"

"ఎవరడిగారమ్మా?"

ఎండుగడ్డితో పొలుసు పొలుసూ తుడిచారు. ముంగిస ఒక పక్క, పునుగుపిల్లి ఒక పక్క, పిల్లను నడుమ పెట్టుకుని పడుకున్నారు. పొద్దు వాలే వేళకు ఉండ కొంచెం విచ్చుకుంది. చిన్న ముక్కు బయటికొచ్చింది. పిల్ల బతికింది గానీ, ముందుకాలు ఒకటి ఇక నేలకు గట్టిగా ఆనలేదు.

తాత తిరిగొచ్చాడు. ముంగిస ఏడుస్తూ అంది, "తాతా, ఆ గుహ నోరు రాళ్ళతో మూసేద్దాం!"

"మూస్తే జింకపిల్ల బతికేదా?" అన్నాడు తాత. "విననిదాన్ని వినలేదని చెప్పడం దానికి రాదు. ముళ్ళపందిదో, నీదో, దొరికిన గొంతు ఎత్తుకుని పలుకుతుంది. అది కనిపెట్టాల్సింది మీరు. నువ్వేమో మురిసిపోయి నీ చెయ్యి మరిచావు. ఇదేమో భయపడి దాని సంగతి నేర్చుకోనే లేదు. అందుకే అనుమానం వచ్చినా నిలబడి అడ్డం చెప్పలేకపోయింది."



తాత తల్లి అలుగు వైపు తిరిగాడు. "అమ్మా, జరిగింది గుహకు చెబుతావా? రేపు ఇంకో పిల్ల వస్తుంది."

పునుగుపిల్లి మొదటిసారి గుహ దాకా తోడు వెళ్ళింది. తల్లి పిల్లను పక్కన దించి, జరిగింది చెప్పింది. గుహ విన్నది. కాసేపాగి, చీకట్లోంచి అచ్చం తల్లి గొంతే పిలిచింది. "నాన్నా... నీళ్ళు ఆరాయా?"

పిల్ల తలెత్తింది. గుహ వైపు చూసింది. తల్లి వైపు చూసింది. కుంటుకుంటూ వెళ్ళి, వెచ్చగా ఉన్న తల్లి తోక మీదికెక్కి పడుకుంది.

ఇక లేవండర్రా. ఇళ్ళల్లో అన్నాలు చల్లారిపోతున్నాయి. వెళ్ళి కడుపునిండా తినండి. వరాలూ, చీకటంటే భయమైతే అక్క చెయ్యి పట్టుకో.

నీతి: అన్నీ తెలిసినట్టు పలికే గొంతును గుడ్డిగా నమ్మినా, భయపడి దూరం పెట్టినా నష్టపోయేది రోగే. ఆ గొంతుకేం తెలుసో, ఏం తెలియదో నేర్చుకున్నవాడే వైద్యుడు.