ఊఁ అన్న తోక

ఒకప్పుడు, రోహిణి కార్తె మూడో రోజున, తిప్పక్క అనే గొర్రెలు కాసే మనిషికి అన్యాయం జరిగింది. చేసినవాడి పేరు బయపన్న. పేరు ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కథ చివరికొచ్చేసరికి అన్యాయం చేసినవాళ్ళ పేర్లు ఎలాగో మాయమైపోతుంటాయి.

అప్పట్లో కుక్కలకు మాటలుండేవి. మనలాగే కబుర్లు చెప్పేవి, పోట్లాడేవి, పేరు పెట్టి పిలిచేవి. కదలనిది తోక ఒక్కటే. ఆవు తన తోకతో ఈగలు తోలుకునేది. కోతి తన తోకతో కొమ్మ పట్టుకునేది. కుక్క తోక మాత్రం తెగిన తాడులా వెనక వేలాడేది.

"ఏం వదినా, ఆ తాడు ఎవర్ని కట్టేయడానికి?" అని ఉడుత ఎగతాళి చేసేది.

"నీ నోరు కట్టేయడానికి!" అనేది బూది.

బూది అంటే బూడిద రంగు కుక్క. ఏటి ఒడ్డున గొర్రెలవాళ్ళ గుడిసెలుండేవి. అక్కడ పది కుక్కలు కాపలా కాసేవి. తొమ్మిది కుక్కలు మందపెద్ద బయపన్న వాకిట్లో పడుకునేవి. పదోది బూది. అది చివరి గుడిసె దగ్గర, తిప్పక్క గడప ముందు పడుకునేది. తిప్పక్కకు మొగుడు లేడు, అన్నదమ్ములు లేరు. ఏడు గొర్రెలున్నాయి, ఒక గొంగళి ఉంది.

ఆ ఏడు వాన పడలేదు. ఏరు ఎండి ఇసుక మిగిలింది. గొర్రెలు నాలుకలు బయటపెట్టి నిలబడ్డాయి. బయపన్న వేపచెట్టు కింద కూర్చుని, "దేవుడు చూస్తాడులే" అన్నాడు.

దేవుడి సంగతేమో గాని, బూది ముక్కు చూసింది. ఇసుకలో మూతి పెట్టి పీల్చింది.

"తిప్పక్కా! ఇట్ల రా! ఇక్కడ తడి వాసన వస్తా ఉంది."

"నిజంగానా? నా కాళ్ళలో సత్తువ లేదు, ఉత్తుత్తికి తవ్వించొద్దు."

"నా ముక్కు ఎప్పుడన్నా అబద్ధం చెప్పిందా?"

ఇద్దరూ తవ్వారు. తిప్పక్క చేతులతో, బూది గోళ్ళతో. తవ్వేకొద్దీ ఇసుక జారిపోయేది. "మెల్లగా అమ్మా, మెల్లగా. నాకూ నొప్పి ఉంటుంది" అంది ఇసుక. తిప్పక్క తన గంపకు అడుగు ఊడదీసి గుంటలో దించింది. ఇసుక గంప వెనకే ఆగిపోయింది. మూడో రోజుకు బూది గోళ్ళు అరిగి నెత్తురొచ్చింది. అప్పుడు గంప మధ్యలో నీళ్ళు ఊరాయి. చల్లటి నీళ్ళు! అలా ఇసుకలో తవ్వుకున్న నీటిగుంటను చెలమ అంటారు.

తిప్పక్క ఎవరికీ లేదనలేదు. "ముంచుకోండమ్మా, కలబెట్టకండి, అంతే" అంది. అందరూ కుండలు ముంచుకున్నారు. తొమ్మిది కుక్కలూ కడుపు నిండా తాగాయి.

బయపన్నా తాగాడు. తాగి, మూతి తుడుచుకుని ఆలోచించాడు. ఎండిన ఊళ్ళో నీళ్ళు ఎవరివో వాళ్ళే పెద్ద. ఇక తన మాట ఎవరు వింటారు?

ఆ గుడిసెల్లో తగవు తీర్చే పద్ధతి ఒకటుండేది. జరిగిందేదో పెద్దమనిషి కథలా చెప్పాలి. రేయింబవళ్ళు కాపలా ఉండే కుక్కలకు తెలియనిది ఏముంటుంది? అందుకని అవి ఊ కొట్టాలి. మీరు కథ వింటూ 'ఊఁ' అంటారే, అదే. 'ఊఁ'లు ఎక్కువైతే కథ నిజం. 'ఊహూఁ'లు ఎక్కువైతే అబద్ధం. మీరూ ఇప్పుడు ఊ కొడుతున్నారా? చూసి కొట్టండి.

రోహిణి కార్తె రెండో రోజున బయపన్న ఒక వేటపోతును కోయించాడు. సంగటి ముద్దల మీద కూర పోయించి కుక్కల ముందు పెట్టించాడు.

"తినండి నాయనా, తినండి. రేపు నేనొక కథ చెప్తా. ఊ కొడితే చాలు."

తొమ్మిది కుక్కలూ తిన్నాయి. బూది ముద్ద వాసన చూసింది. "ఇది ఉడికిన వాసన కాదు, కుళ్ళిన వాసన" అని వెనక్కి తిరిగింది.

మూడో రోజు, పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు అందరూ చెలమ చుట్టూ చేరారు. బయపన్న గొంతు సవరించుకున్నాడు.

"ఏరెండిపోయిందా?"

"ఊఁ" అన్నాయి కుక్కలు.

"మందపెద్దకు మంద మీద జాలి కలిగిందా?"

"ఊఁ."

"ఆ మందపెద్ద తన చేతులతో ఈ చెలమ తవ్వినాడా?"

తొమ్మిది నోళ్ళు సంగటి రుచి గుర్తు చేసుకున్నాయి. "ఊఁ" అన్నాయి.

"ఊహూఁ!" అని అరిచింది బూది. "తిప్పక్క తవ్వింది! నా గోళ్ళు చూడండి! ఆయన గోళ్ళు చూడండి!"

"తొమ్మిది ఊఁలు, ఒక ఊహూఁ" అన్నాడు బయపన్న. "తిప్పక్కా, ఇక నువ్వు ఈ చెలమను ముట్టుకోకూడదు. నీ గొర్రెల్ని తోలుకుని ఎక్కడికన్నా పో."

ఎక్కడికన్నా అంటే ఎక్కడికి? మూడు రోజుల నడక దూరంలో చుక్క నీరు లేదు. పొమ్మనడమంటే చావమనడమే. మరి అక్కడున్న మనుషులకు నిజం తెలియదా అంటారా? తెలుసు. వాళ్ళు అప్పుడు నేల చూస్తున్నారు.

ఇదంతా గాలి వింది. వేపచెట్టు మీద నుంచి దిగి వచ్చింది. ఆకు కదల్లేదు, దుమ్ము లేవలేదు. గాలికి నిజంగా కోపం వస్తే అలాగే ఉంటుంది.

"కుక్కల్లారా, మాటంటే ఏమనుకున్నారు? మీ గొంతులోకి వచ్చిపోయే నేనే మాట. ఈ రోజు నా వీపు మీద అబద్ధం మోయించారు. నా మాటలు నాకిచ్చేయండి."

"నేను చెప్పలేదే!" అంది బూది. "నేను ఊహూఁ అన్నానే!"

గాలి బూది దగ్గరకు వంగింది.

"విన్నాను తల్లీ. కానీ నేను గాలిని. వీస్తే అందరి మీదా వీస్తాను. ఒకరిని తప్పించి వీయడం నాకు రాదు. ఒక్క మాట మాత్రం వదిలిపెట్టగలను. ఏ మాట కావాలో, ఎక్కడ పెట్టమంటావో నువ్వే చెప్పు."

బూది తిప్పక్క వైపు చూసింది.

"ఊఁ అనే మాట వదిలిపెట్టు. నోట్లో వద్దు, నోటికి సంగటి తగులుతుంది. కళ్ళలో వద్దు, కళ్ళు నేల చూడడం నేర్చుకుంటాయి. నా వెనక పెట్టు. నేను చూడలేని చోట, దిద్దలేని చోట."

గాలి ఒక్కసారి వీచింది. పది కుక్కల గొంతుల్లోంచి మాటలు ఎండుటాకుల్లా లేచిపోయాయి.

గాలితో జరిగిన ఈ మాటలు మనుషుల చెవికి అందలేదు. తిప్పక్కకు ఇదేమీ తెలియదు. గొర్రెల్ని తోలుకుంటూ రెండడుగులు వేసి ఆగింది.

"బూదీ, పోయే ముందు ఒకసారి చెప్పవే. ఈ చెలమ తవ్వింది నేనేనా?"

బూది నోరు తెరిచింది. "భౌ" అని వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

అప్పుడు బూది తోక కదిలింది. పుట్టి ఎన్నడూ కదలని తోక ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు ఊగింది.

"ఏమే, తోక జాడిస్తాండావా నా ముందర?" అని బయపన్న గద్దించాడు.

అంతలో రెండో కుక్క తోక ఊగింది. తర్వాత మూడోది. తొమ్మిది కుక్కలూ బెదిరిపోయి వెనక్కి తిరిగి చూసుకున్నాయి. తోకను పట్టుకుందామని గుండ్రంగా తిరిగాయి. అందలేదు. పది తోకలూ ఊగుతూనే ఉన్నాయి.

నవ్వు ఆగిపోయింది. బయపన్న కుక్కల మీదికి వచ్చాడు. వేలు చూపించి, "ఒరేయ్! చెలమ తవ్వింది నేనే గదరా?" అని అరిచాడు.

తొమ్మిది తోకలు సిగ్గుతో కాళ్ళ మధ్యకు ముడుచుకుపోయాయి. బూది తోక నిటారుగా నిలబడింది.

జనంలో ఒక ముసలమ్మ తలెత్తింది. తన ఖాళీ కుండ తెచ్చి తిప్పక్క కాళ్ళ దగ్గర పెట్టింది. "నీ చెలమ, నువ్వు ముంచి పొయ్యమ్మా" అంది. ఆమె వెనక ఇంకో కుండ వచ్చింది. తర్వాత వరసగా అన్నీ వచ్చాయి. తిప్పక్క ముందు తన గొర్రెలకు తాపింది, తర్వాత అందరికీ పోసింది. బయపన్న కుండ చిట్టచివర వచ్చింది. దానికీ పోసింది.

నీళ్ళు తిరిగొచ్చాయి. మాటలు రాలేదు. ఆ సాయంత్రం గడపలో కూర్చుని తిప్పక్క బూది అరిగిన గోళ్ళకు ఆముదం రాసింది. "ఏదన్నా చెప్పవే" అంది. బూది ఆమె మొహంలోకి చూసి తోక ఊపింది. ఆ ఇద్దరి మధ్య ఇక అంతే మాట.

ఓడిన బయపన్న ఊరుకున్నాడా? ఒక తిట్టు పుట్టించాడు. పెద్దవాళ్ళ ముందు వంగి ఊ కొట్టేవాణ్ణి చూసి 'తోక ఊపుతున్నాడు' అనడం వాడితోనే మొదలైంది. ఎవరైనా ఆ మాట అంటే మీరు అడగండి పిల్లలూ: వాడికి తోకేదీ? సంగటికి అమ్ముడుపోయింది నాలుక. తోక ఏనాడూ అమ్ముడుపోలేదు.

అప్పటినుంచే కుక్క తనవాళ్ళు గడపలోకి రాగానే తోక ఊపుతుంది. 'ఊఁ, నువ్వే, నాకు తెలుసు' అంటుంది. తప్పు చేస్తే కాళ్ళ మధ్య ముడుచుకుంటుంది. అప్పుడప్పుడు తన తోకను తానే పట్టుకోవాలని గుండ్రంగా తిరుగుతుంది, అందదు.

ఏటి ఒడ్డు బండ మీద తిప్పక్క చెక్కించిన గుర్తు ఇంతే: రోహిణి కార్తె, మూడో రోజు, నడిపొద్దు. ఊఁ అన్న తోకలు పది.