జిలాని దాచిన పెట్టె

జిలానికి తమ్ముడి మీద బెంగ. ఖాజా పోట్లాడి, ఇక నీ ముఖం చూడనని ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడు.

కాలేజీ రోజుల నుంచీ అన్నదమ్ములకు ఒకటే ఆట పిచ్చి. ఒకడు చిన్న పెట్టె ఎక్కడో దాచి, ఆ చోటు ఎక్కడో ఫోన్ మ్యాపులో చూపే అంకెలు రెండోవాడికి పంపిస్తాడు. వాడు ఫోన్ చూసుకుంటూ వెతికి పట్టుకుని, అందులోది తీసుకుని తనదేదో పెట్టి పోతాడు.

అందుకే జిలాని, తన గురువు మహబూబ్ షా ఉండే కృష్ణా నది ఒడ్డున, ఇసుకమేట మీది రాళ్ళ కింద ఒక పెట్టె దాచాడు. అందులో చనిపోయిన అమ్మ జపం చేసుకున్న తస్బీ మాల పెట్టి, అంకెలు తమ్ముడికి పంపాడు. జవాబు రాలేదు.

ఇక అదే ధ్యాస. పొద్దునా, మధ్యాహ్నపు ఎండలోనూ వెళ్ళి రాయి ఎత్తి చూసేవాడు. మాల ఉన్నచోటే ఉండేది. అక్కడే కూలబడి దారి చూసేవాడు. అడవి నీళ్ళ దాకా దిగే చోటది. నీటికుక్కలు ఈదులాడేవి, దుప్పులు నీళ్ళు తాగి పోయేవి, మొసలి ఎండ కాచుకునేది. ఇతగాడికి ఏదీ ఆనేది కాదు. నమాజులో కూడా మనసు ఆ రాళ్ళ దగ్గరే.

"హజ్రత్, వాడు వస్తాడంటారా?" అని ఒకరోజు గురువును అడిగాడు.

ముసలాయన చెప్పులేసుకుని, "చూపించు, పద" అన్నారు.

మిట్టమధ్యాహ్నం. ఇద్దరూ మేట మీదికి రాగానే ఒక తీతువు పిట్ట నెత్తిమీద తిరుగుతూ గోల పెట్టింది. రోజూ ఉండే గోలేనని జిలాని పట్టించుకోలేదు. రాయి ఎత్తబోతుంటే గురువు చెయ్యి పట్టుకుని ఆపి, పక్కన చూపించారు. గులకరాళ్ళ మధ్య, గులకరాళ్ళలాగే మచ్చల గుడ్లు. పైన నిప్పులు చెరిగే ఎండ.

గురువు అతన్ని వెనక్కి, పొదల చాటుకు తీసుకెళ్ళారు. పిట్ట గోల ఆపింది కానీ దిగలేదు. ఇంకా దూరంగా, మరో పొద వెనక్కి తీసుకెళ్ళారు. అప్పుడది నీళ్ళలోకి దిగి, పొట్ట తడుపుకుని, పరుగున వచ్చి, ఆ తడితో గుడ్లు చల్లబడేలా వాటి మీద కూర్చుంది.

ఇన్నాళ్ళూ తానక్కడ కూర్చున్నంతసేపూ అది గుడ్ల దగ్గరికి రాలేకపోయిందని జిలానికి అప్పుడు తెలిసింది.

"నిన్న పడవ సాయిబు చెప్పాడు," అన్నారు గురువు నెమ్మదిగా. "అవతలి గట్టుకు ఒక కుర్రాడు వచ్చాడట. చేతిలో ఫోన్. ఇటు నిన్ను చూసి, వెనక్కి పోయాడట."

వాణ్ణి ఒక్కసారి, దూరం నుంచైనా చూడాలని జిలాని ప్రాణం కొట్టుకుంది.

"నేను ఈ పొదలో దాక్కుంటే?"

గురువు పిట్ట వైపు చూశారు. అది మెడ ఎత్తి ఈ పొద వైపే చూస్తోంది.

జిలాని చప్పుడు కాకుండా లేచాడు. నదికి వీపు పెట్టి, ముందు తనే నడిచాడు.